కొత్త కార్డు ఛార్జి తీసుకోలేదు

కంప్యూటర్ ఆటల్లో యువతకు బంగారు భవిష్యత్తు ఉందని పైన ఎవరికో తోచింది. పైవాళ్లకు తోచడమే తరువాయి, జిల్లాకో ఎలక్ట్రానిక్ క్రీడల ప్రోత్సాహక కార్యాలయం వెలిసింది. ఒక్కో కార్యాలయానికీ ఒక బోర్డు, ఒక కంప్యూటరు, దాని మీద కప్పడానికి ఒక పూల దుప్పటి మంజూరయ్యాయి. అంతవరకూ ఆ దిక్కుమాలిన ఆటలు కట్టేసి పుస్తకం తియ్యమని పిల్లల వీపు విమానం మోత మోగించిన తల్లిదండ్రులే, ఆ బోర్డు చూశాక, ఇంకో గంట ఆడుకోమని పాలగ్లాసు పట్టుకుని వెంటపడ్డారు.

కొమరవరం జిల్లా తరఫున ఎంపికైన పిల్ల పేరు సుభాషిణి. డిగ్రీ అయిపోయాక మేనమామ జిరాక్సు షాపులో కూర్చుని, గిరాకీ లేని వేళల్లో కార్ల పందెం ఆడీ ఆడీ చెయ్యి తిరిగింది. జిల్లా పోటీల్లో ఆమె కారు వెనక దుమ్ము తిన్నవాళ్లే కానీ ఆమెను దాటినవాళ్లు లేరు. ఇక మిగిలింది రాష్ట్ర పోటీ. గెలిస్తే రాష్ట్ర జట్టులో చోటు. ఓడితే మళ్లీ జిరాక్సు షాపు, ఆధార్ కార్డుకు ముందు వైపొకటి, వెనక వైపొకటి. ఆమెకు జిరాక్సు మెషీను మీద పగేమీ లేదు. కానీ జీవితమంతా ఇతరుల కాగితాలకు నకళ్లు తీస్తూ గడపాలంటే మాత్రం గుండెల్లో రాయి పడేది.

ఒక చిక్కుంది. పోటీ ఎవరి ఊళ్లో వాళ్లుండి ఆడొచ్చు కానీ, జిల్లా కార్యాలయంలో ఉన్న అధికారిక కంప్యూటరు మీదే ఆడాలి. సొంత కంప్యూటరు మీద గెలిచిన గెలుపు సొంత గెలుపే తప్ప జిల్లా గెలుపు కాదని నిబంధన.

కొమరవరం అధికారిక కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు వేసవిలో కాలిపోయింది. తెర మీద పరిగెత్తే బొమ్మలన్నీ చకచకా గీసి ఇచ్చేది ఆ కార్డే. దాని స్థానంలో ఇటుకంత కొత్త కార్డు వచ్చింది. దానికి మూడు ఫ్యాన్లు, ప్రతి ఫ్యాను చుట్టూ రంగురంగుల లైట్లు. బిగించిన రోజు కొబ్బరికాయ కొట్టారు. వినాయక చవితి పందిరిలా వెలిగిపోతోందని అందరూ మెచ్చుకున్నారు.

సుభాషిణి ఎంతో ఆశగా కూర్చుని ఆట మొదలుపెట్టింది. కారు గోడను గుద్దింది. ఆ తర్వాత తీరిగ్గా గోడ కనిపించింది. మలుపు తిరగాల్సిన చోట తెర బిగుసుకుపోయి, కారు లోయలో పడ్డాక, ఇక్కడొక మలుపు ఉండేదని చూపించింది. మేనమామ షాపులో ముసలి కంప్యూటరే ఇంతకన్నా నయం.

ఆమె లేచి పెట్టె వెనక్కి వెళ్లి తొంగి చూసింది. చూడగానే విషయం తెలిసిపోయింది. పాత కార్డు కాలిపోయినప్పుడు, పని ఆగకూడదని తెర వైరును తీసి కంప్యూటరు బోర్డుకే ఉన్న చిన్న సాకెట్లో గుచ్చారు. బోర్డుకు బొమ్మలు గీయడం వచ్చు కానీ ఏదో ఉత్తరాలు టైపు చేసుకునేంత మాత్రమే వచ్చు. కొత్త కార్డు వచ్చాక వైరు తీసి దానికి పెట్టాలి. పెట్టలేదు. కార్డు లైట్లు వెలిగించుకుని ఊరికే కూర్చుంది, పనంతా బోర్డు చేస్తోంది.

వైరు మార్చడం నిమిషం పని. కానీ వైర్లన్నిటినీ పురికొసతో కట్టి, స్టాకు తనిఖీ వాళ్లు లక్క సీలు వేశారు. పక్కనే ఒక అట్ట వేలాడుతోంది: "ఈ సీలు తీసినవారు ఏ పోటీలకైనా అనర్హులు."

సుభాషిణి నేరుగా లోపలి గదికి వెళ్లింది. అక్కడ పెద్ద కుర్చీలో గవర్రాజు గారు కూర్చుని ఉన్నారు. ఆయన అసలు ఉద్యోగం సూపరింటెండెంటు. జిల్లా అధికారి పోస్టు ఖాళీగా ఉండటంతో పూర్తి అదనపు బాధ్యతలు అని చెప్పి ఆ కుర్చీలో కూర్చున్నారు. కూర్చున్నాక కుర్చీకి కొత్త కవరు కుట్టించారు, ఆనక దిండు వేయించారు. అదనం అన్న మాట క్రమంగా అరిగిపోయింది.

"సార్, తెర వైరు పాత సాకెట్లో ఉండిపోయిందండీ. కొత్త కార్డుకి పెడితే ఆట బ్రహ్మాండంగా నడుస్తుంది. సీలు తియ్యడానికి మీరు ఊఁ అంటే చాలు."

గవర్రాజు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పాత కార్డు ఏ పరిస్థితుల్లో వెళ్లిందమ్మాయ్?"

"కాలిపోయిందండీ."

"అంటే సర్వీసులో ఉండగా కాలం చేసింది. ఆ ఖాళీలో పనికి ఆటంకం కలగకుండా ఎవరు చూశారు?"

"బోర్డండీ."

"అదీ సంగతి! బోర్డు పూర్తి అదనపు బాధ్యతలు నిర్వహిస్తోంది. ఇప్పుడు కొత్త కార్డు రెగ్యులర్ పోస్టింగు మీద వచ్చింది. సంతోషం. బోర్డు ఛార్జి అప్పగించాలి, కార్డు తీసుకోవాలి. అప్పగింత కాకుండా వచ్చినవాడికల్లా వైరు చేతికిచ్చేస్తే ఇది ఆఫీసా, సంతా?"

"అది మనిషి కాదు కదండీ, కార్డు."

"మనుషులకే ఇన్ని రూల్సు ఉన్నప్పుడు, కార్డుకి ఉండవా? విషయం పరిశీలనలో ఉంది, వెళ్లిరా."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! సుభాషిణి ఉక్రోషంతో వరండాలోకి వచ్చింది. అక్కడ నోటీసు బోర్డు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఒకాయన కూర్చుని పేపర్లో పదకేళి నింపుకుంటున్నాడు. కుర్చీ వీపుకు సొంత తువ్వాలు కప్పి ఉంది.

"వైరు మార్చనన్నాడా?" అన్నాడాయన తల ఎత్తకుండానే.

"మీకెలా తెలుసండీ?"

"నా పేరు జయశీలరావు. ఈ జిల్లాకి రెగ్యులర్ అధికారిని. వానలు పడకముందు వచ్చాను. ఛార్జి ఇవ్వమన్న ప్రతిసారీ ఆయనకి నడుం పట్టేస్తుంది, సెలవు పెడతాడు. సెలవులో ఉన్న మనిషి ఛార్జి ఎలా ఇస్తాడు? మళ్లీ మామూలే. అమ్మాయ్, అప్పగింత లేకుండా ఆ కార్డుకి వైరిచ్చాడనుకో, రేపు నేనూ అదే దారిన కుర్చీలోకి వస్తానని ఆయన భయం. నీ కారు ఆగింది మలుపు దగ్గర కాదు, ఆ దిండు దగ్గర."

"మరి మీరేం చేస్తున్నారండీ?"

"జీతం వస్తోంది, పదకేళి చేస్తున్నాను. అడ్డం ఆరు దొరకట్లేదు."

సుభాషిణికి ఆయన మీద జాలి వేసింది, కొంచెం ఒళ్లు మండింది కూడా.

ఆమె మర్నాడు మళ్లీ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ఆమె పోరు పడలేక గవర్రాజు తగు చర్య తీసుకున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, పని చేయడం లేదని కొత్త కార్డుకు మెమో జారీ చేశారు. "సదరు కార్డు విధుల్లో చేరినది మొదలు ఎట్టి పనీ చేయక, కేవలం అలంకారప్రాయముగా దీపములు వెలిగించుకొని కాలక్షేపము చేయుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. సంజాయిషీ ఇవ్వవలెను." మెమో ముట్టినట్టు సంతకం చేయడానికి కార్డు నిరాకరించడంతో, నిబంధన ప్రకారం దాని నివాసానికి, అంటే కంప్యూటరు పెట్టెకు, జిగురుతో అంటించారు. అంటించింది సరిగ్గా గాలి ఆడే చిల్లుల మీద. సాయంత్రానికి పెట్టె ముట్టుకుంటే చురుక్కుమంది. సంజాయిషీ ఇవ్వకపోగా పైఅధికారుల ఎదుట వేడిగా ప్రవర్తించినదని ఫైల్లో ఇంకో వాక్యం చేరింది.

ఆటేమో అలాగే ఉంది. దాంతో విచారణ సంఘం పడింది. సంఘం సభ్యులు ముగ్గురు వచ్చి, జీడిపప్పు పకోడీ తిని, కంప్యూటరును ముందు నుంచి చూశారు. వెనక్కి వెళ్లి చూడమని సుభాషిణి బతిమాలింది.

"వెనక భాగం సీలు పరిధిలో ఉంది తల్లీ. మా పరిధి ముందు భాగం వరకే," అన్నాడు సంఘం అధ్యక్షుడు. "అసలు లోపం నీ దగ్గరుందేమో. నువ్వు మరీ వేగంగా నడుపుతున్నావట. జిల్లా కంప్యూటరు వేగాన్ని గౌరవించి ఆడాలి. గోడ కనిపించాకే గుద్దాలి."

"కనిపిస్తే గుద్దనండీ!"

"చూశావా, ఆవేశం," అని ఆయన రాసుకున్నాడు.

సంఘం రెండు సిఫార్సులు చేసింది. ఒకటి, కొత్త కార్డుకు శిక్షణ లోపించింది కనుక తగిన శిక్షణ ఇప్పించాలి. రెండోది, పనిభారం ఎక్కువైంది కనుక సహాయకంగా ఇంకో కార్డు మంజూరు చేయాలి.

కార్డును జీపు ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, రాజధానిలో శిక్షణ తరగతులకు తీసుకెళ్లారు. అక్కడ నాయకత్వ లక్షణాలు, ఒత్తిడిని జయించుట, పౌరులతో మర్యాదగా మెలగుట అనే అంశాల మీద ఉపన్యాసాలు జరిగినంతసేపూ అది ముందు వరసలో బల్ల మీద కూర్చుంది. ఒక్కసారి కూడా ఫోను చూసుకోలేదని, నిద్రపోలేదని నిర్వాహకులు మెచ్చుకుని ఉత్తమ అభ్యర్థిగా ఎంపిక చేశారు. సర్టిఫికెట్టుతో, శాలువాతో తిరిగొచ్చింది. మళ్లీ పెట్టెలో బిగించి, మళ్లీ సీలు వేశారు. తెర వైరును మాత్రం, ఉన్న చోటు నుంచి కదపరాదన్న ఆదేశం ఉంది కాబట్టి, భద్రంగా పాత సాకెట్లోనే పెట్టి వేశారు.

ఆ తర్వాత రెండో కార్డు వచ్చింది. తాను దూర సందు లేదు, మెడకో డోలన్నట్టు, మొదటి కార్డుకే పని లేకుంటే దానికి సహాయకుడు! దానికీ మూడు ఫ్యాన్లు, దానికీ లైట్లు. ఇప్పుడు పెట్టెలో రెండు కార్డులు పక్కపక్కన ధగధగలాడుతూ కూర్చున్నాయి, బోర్డు ఒక్కటే ఆపసోపాలు పడుతూ బొమ్మలు గీస్తోంది. చూడవచ్చిన పెద్దలందరూ ఇంత అభివృద్ధి ఇంకే జిల్లాలోనూ చూడలేదన్నారు. ఇంత జరిగాక కూడా కారు గోడను గుద్దుతూనే ఉంది, గోడ ఆలస్యంగా వస్తూనే ఉంది.

సుభాషిణి షాపుకెళ్లి మేనమామ ముందు ఏడ్చింది. "నాకు ఆట రాకపోతే పోన్లే అనుకునేదాన్ని మావయ్యా. వచ్చి కూడా ఓడిపోవాలా?" మేనమామ జిరాక్సు మెషీను ఆపేసి పక్కన కూర్చున్నాడు.

పోటీ రోజు రానే వచ్చింది. హాల్లో కుర్చీలు, షామియానా, మైకు, రెండు పెద్ద బొకేలు. కలెక్టరు మేడం వచ్చి ముందు వరసలో కూర్చుంది. గవర్రాజు గారు మైకు పుచ్చుకుని, కంప్యూటరు పనితీరు మెరుగుదలకు కార్యాలయం తీసుకున్న చర్యలను ఏకరువు పెట్టారు. మెమో, సంఘం, శిక్షణ, అదనపు సిబ్బంది, అన్నీ చెప్పారు. చప్పట్లు మోగాయి. జయశీలరావుకు లోపల కుర్చీ వేయలేదు కాబట్టి ఆయన తన ప్లాస్టిక్ కుర్చీలో వరండా గుమ్మం దగ్గర నుంచే చూస్తున్నాడు.

పందేలు మూడు. రెండు గెలిచినవాళ్లదే విజయం. అవతల జిల్లా కుర్రాడి కారు మొదటి పందెంలో ఈదురుగాలిలా దూసుకుపోయింది. సుభాషిణి కారు మూడు గోడలు, ఒక పాలబూతు, ఒక చెరువు దర్శించుకుని ఆగిపోయింది. ఇంకొక్కటి ఓడితే అంతే సంగతులు.

"ఏంటండీ ఇది? గోడ కనపడకుండానే గుద్దేస్తోంది పాపం," అంది కలెక్టరు మేడం. "ఎక్కడుంది లోపం?"

గవర్రాజు వంగి చెప్పారు. "కార్డుపై శాఖాపరమైన విచారణ నడుస్తోంది మేడం. నివేదిక రాగానే..."

"మేడం, వైరు తప్పు సాకెట్లో ఉందండీ," అంది సుభాషిణి. "సీలు తీస్తే నిమిషంలో సరిపోతుందండీ."

"తీస్తే అనర్హురాలు మేడం," అన్నారు గవర్రాజు. "అట్ట కూడా వేలాడదీశాం."

కలెక్టరు మేడం అట్టను చూసింది. అట్ట మీద తన పూర్వాధికారి సంతకం ఉంది. పూర్వాధికారి సంతకం మీద మాట్లాడటం ఏ అధికారికీ మంచిది కాదు. ఆమె మంచినీళ్లు అడిగింది.

సుభాషిణి ఆలోచించింది. సీలు తీయకపోతే ఓడిపోయి జిరాక్సు షాపు. తీస్తే అనర్హురాలై జిరాక్సు షాపు. ఎటూ అక్కడికే అయినప్పుడు, ఒక్కసారైనా గోడను ముందుగా చూసి మరీ వెళ్దామనిపించింది. పైట దగ్గర పిన్నీసు తీసింది. పెట్టె వెనక్కి వెళ్లి లక్క కింద గుచ్చి ఎత్తింది. సీలు పటుక్కుమంది. అనర్హురాలని కాగితం మీద రాసిచ్చేదాకా పోటీ ఆగదు. వైరు లాగి, శిక్షణ పొందొచ్చిన మొదటి కార్డుకు గుచ్చింది.

తెర నల్లబడింది. గవర్రాజు గారి ముఖం మాత్రం వెలిగింది.

అంతలో తెర మీద రోడ్డు వచ్చింది. ఎలా వచ్చిందనుకున్నారు! తారు మెరుపు, పక్కన గడ్డిపోచలు, దూరంగా కొండ మలుపు, అన్నీ నీళ్లలా జారిపోతూ వచ్చాయి. గోడలు చాలా ముందుగానే కనిపించి, మర్యాదగా పక్కకు తప్పుకున్నాయి. రెండో పందెం సుభాషిణిది. మూడోదాంట్లో ఆఖరి మలుపు దగ్గర అవతలి కారును లోపలి వైపు నుంచి దాటిందో లేదో, హాలు లేచి నిలబడింది. కలెక్టరు మేడం హోదా మరిచిపోయి విజిల్ వేసింది.

అందరి కళ్లూ తెర మీద ఉన్న ఆ సమయంలో జయశీలరావు పదకేళి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పగింత ఎవరూ చేయలేదు. వైరు తీసి పెట్టారు, అంతే, పని మొదలైంది. ఆ ముక్క ఆయన కళ్లారా చూశాడు. మెల్లగా లేచి, లోపలి గదికి వెళ్లి, దిండు తీసి పక్కన పెట్టి, పెద్ద కుర్చీలో కూర్చుని గంట కొట్టాడు. గంట ఎవరు కొట్టారన్నది అటెండరు సింహాచలానికి అనవసరం. టీ తెచ్చి బల్ల మీద పెట్టి, "ఫైళ్లు తేనా సార్?" అన్నాడు.

గవర్రాజు పరుగున వచ్చేసరికి సగం టీ అయిపోయింది.

"ఛార్జి ఇవ్వలేదండీ నేను!"

"కూర్చున్నాను కదండీ," అన్నాడు జయశీలరావు శాంతంగా.

గవర్రాజుకు నడుం పట్టేసింది, ఈసారి నిజంగానే. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూలబడ్డారు. ఆ ఆఫీసు చరిత్రలో సక్రమంగా జరిగిన ఛార్జి అప్పగింత ఒక్కటే. జయశీలరావు తన తువ్వాలు, పదకేళి సింహాచలం చేత ఆయనకు పంపించాడు.

కథ ఇక్కడితో కంచికి వెళ్తే బాగుండేది. కుర్చీ అంటే మాటలా? వారం తిరిగేలోపే సుభాషిణికి ఒక కాగితం ముట్టింది. "లక్క సీలును పిన్నీసుతో భేదించి, ఛార్జి అప్పగింత జరగకుండానే సదరు కార్డుకు విధులు కల్పించి, తద్వారా విజయము సాధించినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను. అంతవరకు మీ పేరు రాష్ట్ర జట్టుకు పంపబడదు." కింద జయశీలరావు సంతకం.

ఆమె పరుగున వెళ్లింది. జయశీలరావు ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. వీపు వెనక దిండు మళ్లీ వచ్చి చేరింది.

"నా చేతిలో ఏముందమ్మాయ్? మెమో పెండింగు ఫైల్లో సిద్ధంగా ఉంది. ఈ కుర్చీలో ఎవరుంటే వాళ్లు పెట్టాల్సిందే సంతకం. ప్రొసీజరు."

సుభాషిణికి ఏడుపు రాలేదు. ఇన్నాళ్లూ ఆ ఆఫీసు చుట్టూ తిరిగినందుకు ఆమెకు కూడా కాస్త శిక్షణ అందింది. అక్కడే బల్ల మీద కాగితం లాక్కుని, నిలబడే జవాబు రాసి ఇచ్చింది.

"అయ్యా, వైరు పెట్టినంత మాత్రాన కార్డు ఛార్జి తీసుకున్నట్టు కాదంటే, కుర్చీలో కూర్చున్నంత మాత్రాన తమరు తీసుకున్నట్టూ కాదు. ఛార్జి లేనివారి సంతకంతో వచ్చిన ఈ మెమో చెల్లదు. కూర్చుంటే చాలు, తీసుకున్నట్టే అంటారా, అప్పుడు వైరు పెడితే చాలు, కార్డూ తీసుకున్నట్టే. నా తప్పు లేదు. తమరు రెండిట్లో ఏది ఖాయం చేసినా నాకు సమ్మతమే."

జయశీలరావు రెండుసార్లు చదివాడు. కుర్చీ చేతులను ఒకసారి తడిమి చూసుకున్నాడు. గుమ్మంలోంచి వరండాలోకి చూశాడు. అక్కడ గవర్రాజు పదకేళి ఒళ్లో పెట్టుకుని, చెవులు మాత్రం ఇటే పెట్టి ఉన్నారు. సుభాషిణి పేరు రాష్ట్ర జట్టుకు పంపుతూ సంతకం చేసేశాడు. ఇంకు ఆరేదాకా ఆమె అక్కడే నిలబడి, ఆ కాగితం తీసుకుని, మేనమామ షాపుకు వెళ్లి, తనకోసం మొదటిసారిగా ఒక నకలు తీసుకుంది.

మెమో మాత్రం రద్దు కాలేదు. పుట్టిన మెమోను చంపే అధికారం జిల్లా స్థాయిలో లేదట. అందుకని వైరుకూ కుర్చీకీ గల సంబంధంపై స్పష్టత కోరుతూ ఫైలు పైఆఫీసుకు వెళ్లింది. సుభాషిణి ఇప్పుడు రాష్ట్ర జట్టులో ఆడుతోంది, ఫైలు అక్కడే ఉంది. దాన్ని చూడవలసిన అధికారి ఎప్పుడో వచ్చారట. ఛార్జి కోసం వరండాలో కూర్చుని ఉన్నారట.